వెలుగు రాకముందే పారిన కరెంటు: గ్రాఫీన్ ఆక్సైడ్ పొరతో ఒక ఓఎల్ఈడీ కేస్ స్టడీ

ఆ గ్రాఫు ప్రింటు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అందులో రెండు గీతలు. ఎర్రది గ్రాఫీన్ ఆక్సైడ్ పొర వేసిన పసుపు ఓఎల్ఈడీది (కరెంటు పెడితే వెలిగే కర్బన పదార్థపు దీపం), నల్లది అందరూ వాడే పెడాట్ అనే వాహక పాలిమర్ పొర వేసినది. అదే కరెంటుకి ఎర్ర గీత దాదాపు రెండింతల వెలుగు చూపిస్తోంది. ఆ సాయంత్రం ల్యాబ్ అంతా మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిన్నాం. పేపర్ రాయడం కూడా మొదలుపెట్టాం. ఆ రెండింతల్లో చాలా భాగం మా గ్రాఫీన్ ఆక్సైడ్ గొప్పతనం కాదని, మా పెడాట్ సీసా చెడిపోవడం వల్ల వచ్చిందని మూడు వారాల తర్వాత తేలింది.

ఈ కేసును మొదటి నుంచి రాస్తున్నాను. పేపర్లలో తయారీ పద్ధతి రెండు పేరాల్లో అయిపోతుంది. ఆ రెండు పేరాల వెనక పోయిన ఏడాదిన్నర ఎక్కడా కనిపించదు. కొత్తగా ఈ పని మొదలుపెట్టే పీహెచ్‌డీ పిల్లలకు కావలసింది ఆ ఏడాదిన్నరే.

అసలు పీట ఎందుకు

మేం కట్టిన పరికరం చాలా మామూలుది. గాజు మీద ఐటీఓ, అంటే ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక వాహకం. దాని మీద హోల్స్‌ని (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ధనావేశంలా నడుస్తాయి) లోపలికి పంపే పలుచని పొర. ఆపైన వెలుగిచ్చే పాలిమర్. అన్నిటికంటే పైన లిథియం ఫ్లోరైడ్, అల్యూమినియం. కింద నుంచి హోల్స్, పై నుంచి ఎలక్ట్రాన్లు వచ్చి పాలిమర్‌లో కలుసుకుంటే కాంతి పుడుతుంది. 1987లో కొడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్‌స్లైక్ రెండు పొరల పరికరం చూపించినప్పుడూ, 1990లో కేంబ్రిడ్జ్‌లో పాలిమర్‌ని వెలిగించినప్పుడూ సూత్రం ఇదే. ఆ తర్వాత మారుతూ వచ్చినవన్నీ మధ్యలోని పొరలే.

మా పాలిమర్ పేరు సూపర్ ఎల్లో. పీపీవీ అనే పాలిమర్ల కుటుంబంలోది. టోలీన్‌లో కరుగుతుంది, 550 నానోమీటర్ల చుట్టుపక్కల పసుపు వెలుగునిస్తుంది. కొత్తవాళ్ల చేతుల్లో కూడా సులువుగా వెలుగుతుంది కాబట్టి పొరల్ని పోల్చి చూడడానికి అనువైనది.

వర్క్ ఫంక్షన్, అంటే ఒక పదార్థంలోంచి ఎలక్ట్రాన్‌ని బయటికి లాగడానికి కావలసిన శక్తి, ఐటీఓకి సుమారు 4.7 ఎలక్ట్రాన్ వోల్టులు. పాలిమర్‌లో హోల్స్ నడిచే మెట్టు 5.2 దాకా, కొన్ని కొలతల్లో ఇంకా పైన ఉంటుంది. ఆ అర ఎలక్ట్రాన్ వోల్టు ఎత్తు ఎక్కడానికి మధ్యలో ఒక పీట వెయ్యాలి. పరిశ్రమలోనూ ల్యాబుల్లోనూ ఆ పీట పెడాట్-పీఎస్ఎస్. ముదురు నీలం రంగు ద్రవం, నీళ్లలో కలిసి వస్తుంది, స్పిన్ కోటర్ మీద పోసి తిప్పితే నున్నటి పొర పరుచుకుంటుంది. దాని వర్క్ ఫంక్షన్ 5.0 నుంచి 5.2 మధ్య.

ఇంత బాగున్నదాన్ని తీసెయ్యాలని ఎందుకు అనిపించింది? అది ఘాటైన ఆమ్లం. ఓఎల్ఈడీలకు వాడే రకం పీహెచ్ రెండు లోపే ఉంటుంది. ఆ ఆమ్లం కింద ఉన్న ఐటీఓని మెల్లగా కొరుకుతుంది, కరిగిన ఇండియం పై పొరల్లోకి పాకుతుంది. ఈ సంగతి 2000 నాటికే కొలిచి చూపించారు. రెండో తలనొప్పి తేమ. అందులోని పీఎస్ఎస్ నీళ్లు తాగే గుణం ఉన్న పదార్థం. హైదరాబాద్‌లో జులై, ఆగస్టు నెలల్లో గ్లవ్ బాక్స్ (తేమ, గాలి చొరబడని పెట్టె) బయట పది నిమిషాలు ఉంచిన శాంపిల్‌కీ, వెంటనే లోపలికి పంపిన శాంపిల్‌కీ తేడా మా పుస్తకాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

గ్రాఫీన్ కాదు, గ్రాఫీన్ ఆక్సైడ్

2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవొసెలోవ్ గ్రాఫైట్‌లోంచి గ్రాఫీన్‌ని, అంటే ఒకే ఒక్క అణువు మందం ఉన్న కార్బన్ రేకుని, విడదీసి చూపారు, 2010లో నోబెల్ వచ్చింది. అప్పటినుంచి ప్రతి ప్రాజెక్టు ప్రతిపాదనలోనూ గ్రాఫీన్ అనే మాట ఉండాల్సిందే అన్నట్టు తయారైంది. కానీ మా పనికి శుద్ధమైన గ్రాఫీన్ పనికిరాదు. ఒక్క పొర తెల్ల వెలుగులో 2.3 శాతమే పీల్చుకుంటుందన్నది నిజమే, కానీ దాని వర్క్ ఫంక్షన్ సుమారు 4.5. అంటే ఐటీఓ కంటే కూడా కిందే. అది పీట కాదు, గుంట. పైగా నీళ్లలో కలవదు.

దానికి రసాయనికంగా ఆక్సిజన్ తగిలిస్తే కథ మారిపోతుంది. కార్బన్ రేకు మీద ఎపాక్సైడ్, హైడ్రాక్సిల్ గుంపులు, అంచుల్లో కార్బాక్సిల్ గుంపులు వస్తాయి. నీళ్లలో హాయిగా తేలుతుంది, వర్క్ ఫంక్షన్ 4.9 దాకా లేస్తుంది. అయితే కరెంటు ఇక పారదు, గ్రాఫీన్ ఆక్సైడ్ దాదాపు బంధకమే. ఈ ఒక్క విషయం తర్వాత మా ఆరు నెలలు తినేసింది.

ఇక్కడ ఒక మాట. ఓఎల్ఈడీలో రసాయనికంగా మార్చిన గ్రాఫీన్‌కి రెండు వేర్వేరు ఉద్యోగాలున్నాయి, చాలామంది రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు. మొదటిది ఐటీఓనే తీసేసి దాని స్థానంలో ఎలక్ట్రోడ్‌గా కూర్చోవడం. స్టాన్‌ఫర్డ్ బృందం 2010లో గ్రాఫీన్ ఆక్సైడ్‌ని శూన్యంలో 1100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి, ఆక్సిజన్ వదిలించి, సుమారు 7 నానోమీటర్ల ఎలక్ట్రోడ్ చేసింది. షీట్ రెసిస్టెన్స్, అంటే పొర కరెంటుకి అడ్డుపడే కొలత, 800 ఓమ్ పర్ స్క్వేర్ దగ్గర ఆగింది. మామూలు ఐటీఓది పది, పదిహేను. 2012లో దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో తే-వూ లీ బృందం రాగి రేకు మీద పెంచిన గ్రాఫీన్‌ని నాలుగు పొరలు పేర్చి, కరెంటు బాగా నడిచేలా నైట్రిక్ ఆమ్లంతో డోప్ చేసి, వర్క్ ఫంక్షన్ మెట్లు మెట్లుగా పెరిగే ఒక పొరను పైన వేసింది. ఫాస్ఫరెసెంట్ పరికరంలో వాట్‌కి 102.7 ల్యూమెన్లు వచ్చాయి, అదే పని ఐటీఓతో చేస్తే 85.6. ఆ పేపర్ చూశాక మాకూ నోరూరింది. కానీ ఆ దారికి రసాయన ఆవిరితో గ్రాఫీన్ పెంచే కొలిమి కావాలి, పెంచిన రేకును చిరగకుండా గాజు మీదకి దింపే చెయ్యి కావాలి. మాకు రెండూ లేవు.

రెండో ఉద్యోగం పీట ఉద్యోగం. ఐటీఓని అలాగే ఉంచి, పెడాట్ స్థానంలో పలుచని గ్రాఫీన్ ఆక్సైడ్ పొర వెయ్యడం. 2010లో మనీష్ చోవాలా తదితరులు పాలిమర్ సౌర ఘటాల్లో సుమారు 2 నానోమీటర్ల పొరతో ఇది సాధ్యమేనని చూపించారు, తర్వాత పాలిమర్ ఎల్ఈడీల్లోకీ వచ్చింది. దీనికి కావలసింది గ్రాఫైట్ పొడి, ఆమ్లాలు, ఓపిక. మేం దీన్నే పట్టుకున్నాం.

వండటం సులువు, కడగటమే కష్టం

గ్రాఫైట్‌ని ఆక్సీకరించడం కొత్త విద్యేమీ కాదు. 1859లో బ్రాడీ చేశాడు. 1958లో హమ్మర్స్, ఆఫ్‌మన్ చెప్పిన పద్ధతినే దశాబ్దాలుగా అందరూ వాడారు. అందులో సోడియం నైట్రేట్ ఉంటుంది కాబట్టి గోధుమరంగు నైట్రోజన్ ఆక్సైడ్ పొగలు వస్తాయి. మేం 2010లో రైస్ యూనివర్సిటీలో జేమ్స్ టూర్ బృందం చెప్పిన పద్ధతికి వెళ్లాం. నైట్రేట్ లేదు, సల్ఫ్యూరిక్, ఫాస్ఫారిక్ ఆమ్లాలు తొమ్మిదికి ఒకటి, గ్రాఫైట్‌కి ఆరు రెట్ల బరువు పొటాషియం పర్మాంగనేట్, 50 డిగ్రీల దగ్గర 12 గంటలు కలియబెట్టడం. తర్వాత మంచు మీద పోసి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు చుక్కలుగా వేస్తే, ఊదారంగు బురద బుసబుస పొంగి బంగారు పసుపుకి తిరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు ఇష్టం.

ఇందులో ప్రమాదం ఉంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పర్మాంగనేట్ పడితే మాంగనీస్ హెప్టాక్సైడ్ పుడుతుంది, ముదురు ఆకుపచ్చగా కనిపిస్తుంది, వేడెక్కితే పేలుతుంది. అందుకే పర్మాంగనేట్‌ని చెంచాలతో గుమ్మరించకూడదు. ఐస్ స్నానంలో, చిటికెడు చిటికెడు, అరగంట పైన పట్టినా సరే. మొదటిసారి చేసేవాళ్ల పక్కన నేను నిలబడతాను, దానికి మినహాయింపు లేదు.

మొదటి బ్యాచ్‌ని నీళ్లతో ఐదుసార్లు కడిగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఆరబెట్టాం. ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో గ్రాఫైట్ శిఖరం 26.5 డిగ్రీల దగ్గర మాయమై 10 డిగ్రీల పైన కొత్త శిఖరం వచ్చింది. అంటే పొరల మధ్య ఎడం 0.335 నుంచి 0.8 నానోమీటర్లకు పెరిగిందన్నమాట. రామన్ వర్ణపటంలో రెండు శిఖరాలూ ఉండాల్సిన చోట ఉన్నాయి, అతినీల లోహిత వర్ణపటంలో 230 దగ్గర శోషణ ఉంది. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టు వచ్చింది. ఇంకేం కావాలి అనుకున్నాం.

మొదటి ఎనిమిది పిక్సెళ్లు

ఒక గాజు ముక్క మీద మాకు ఎనిమిది పిక్సెళ్లు, ఒక్కోటి 2 మిల్లీమీటర్ల చదరం. ఆ రోజు మా విద్యార్థిని గ్లవ్ బాక్స్ దగ్గర్నుంచి చెప్పిన మాట: "సార్, రెండు వెలిగాయి, ఆరు హీటర్లయ్యాయి." వోల్టేజి పెట్టగానే కరెంటు సర్రున పెరిగిపోయింది, వెలుగు లేదు. వెలిగిన రెండింటిలో కూడా నడిమధ్య నల్ల మచ్చలు.

మొదట అందరం పదార్థాన్నే తిట్టుకున్నాం. గ్రాఫీన్ ఆక్సైడ్ బంధకం కదా, హోల్స్ పోవట్లేదేమో అన్నారు ఒకరు. నిజంగా హోల్స్ పోకపోతే కరెంటు తగ్గాలి, మా దగ్గర పెరిగింది. అప్పుడే కరెంటు, వోల్టేజి గీతని లాగ్ స్కేల్‌లో (చిన్న కరెంటులు కూడా కనిపించేలా పదింతల మెట్లతో) గీసి చూశాం. సూపర్ ఎల్లో పరికరం సుమారు 2.2 వోల్టుల తర్వాతే వెలగడం మొదలుపెడుతుంది. ఆ లోపు, అంటే గీత ఎడమ వైపు, కరెంటు అడుగున పడుకుని ఉండాలి. మా గీత ఒక వోల్టు దగ్గరే లేచి నిలబడింది. పొర గుండా పోతున్న కరెంటు కాదది, పొరలో ఉన్న చిల్లుల గుండా, గడ్డల పక్కనుంచి కారిపోతున్న కరెంటు. సూక్ష్మంగా షార్ట్ సర్క్యూట్లు.

సన్నటి సూదితో ఉపరితలాన్ని తడిమి ఎత్తుపల్లాలు చూపే ఏఎఫ్ఎం అనే సూక్ష్మదర్శిని కింద పెట్టాం. ఒక్కొక్క రేకు ఒక నానోమీటర్ మందం ఉంది, అది సరే. కానీ రేకులు కొన్నిచోట్ల మడతలు పడ్డాయి, చీర కుచ్చిళ్లు అడ్డదిడ్డంగా పెట్టినట్టు. మడతల దగ్గర 20, 30 నానోమీటర్ల గట్లు. మధ్యలో తెల్లగా మెరిసే గుండ్రటి గడ్డలు కూడా ఉన్నాయి. పై పాలిమర్ పొర మందం 80 నానోమీటర్లు మాత్రమే. 30 నానోమీటర్ల గట్టు దాన్ని పొడుచుకుని పైకి రావాలంటే పెద్ద కష్టమేమీ లేదు.

మడతలు అర్థమయ్యాయి, పెద్ద రేకులు స్పిన్ కోటర్ మీద తిరుగుతూ ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. గడ్డలు ఏమిటి? కడిగిన నీళ్లలో చివరిసారి తీసిన నమూనా ఇంకా ఫ్రిజ్‌లో ఉంది. దాంట్లో బేరియం క్లోరైడ్ నాలుగు చుక్కలు వేశాను. పాలు విరిగినట్టు తెల్లగా అయిపోయింది. బేరియం సల్ఫేట్. ఐదుసార్లు కడిగినా సల్ఫేట్ అలాగే ఉంది. ఆ గడ్డలు ఉప్పు.

ఇది ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో చేయించే పరీక్ష. కోట్ల రూపాయల యంత్రాలన్నీ అంతా బాగుందని చెప్పాక, తప్పు పట్టుకున్నది ఆ నాలుగు చుక్కలే. ఎక్స్-రే, రామన్ మీరు తయారుచేసింది గ్రాఫీన్ ఆక్సైడేనా అని చెబుతాయి. అది శుభ్రంగా ఉందా అని వాటిని ఎవరూ అడగలేదు.

ఎందుకు కడుక్కోలేదంటే, గ్రాఫీన్ ఆక్సైడ్‌కి ఒక పాడు బుద్ధి ఉంది. ఆమ్లం ఉన్నంతసేపు అది బుద్ధిగా కింద కూర్చుంటుంది, పై నీళ్లు వంచెయ్యొచ్చు. కడిగేకొద్దీ ఆమ్లం తగ్గి, రేకుల మీద ఋణావేశం విప్పుకుని, అంతా ఉబ్బి గంజిలా అయిపోతుంది. సెంట్రిఫ్యూజ్ తిప్పినా దిగదు. అంటే శుభ్రమయ్యేకొద్దీ కడగడం కష్టమవుతుంది. బియ్యం కడిగినట్టు నీళ్లు తేటపడేదాకా కడుగుదామంటే కుదరదు, తేటపడేసరికి గిన్నెలో బియ్యం ఉండవు, జావ ఉంటుంది.

రెండో బ్యాచ్ నుంచి పద్ధతి మార్చాం. మొదట పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మూడు, నాలుగుసార్లు. మాంగనీస్, పొటాషియం అయాన్లు పోవాలంటే ఆమ్లంతోనే కడగాలి, ఆమ్లంలో గంజి కూడా కట్టదు. తర్వాత డయాలిసిస్ సంచుల్లో (అయాన్లు బయటికి పోతాయి, రేకులు లోపలే ఉంటాయి) పోసి, డీఅయనైజ్డ్ నీళ్లలో వారం పైన వేలాడదీసి, రోజుకి రెండుసార్లు నీళ్లు మార్చడం. బయటి నీళ్లలో బేరియం క్లోరైడ్‌తో సల్ఫేట్, సిల్వర్ నైట్రేట్‌తో క్లోరైడ్ చూసుకుని, రెండూ తేటగా ఉంటేనే ఆపడం. వారం రోజులా అని పిల్లలు మొహం మాడ్చుకున్నారు. పొటాషియం లవణాలు మిగిలిపోయిన గ్రాఫీన్ ఆక్సైడ్ ఎండాక నిప్పు తగిలితే భగ్గున అంటుకుంటుందన్నది కూడా తెలిసిన విషయమే కాబట్టి, ఈ వారం ఓఎల్ఈడీ కోసమే కాదు, అల్మారా కోసం కూడా.

మడతలకు మందు వేరు. సోనికేషన్‌తో, అంటే అల్ట్రాసౌండ్ తరంగాలతో, రేకుల్ని చిన్నవి చేశాం, ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేలిన చిన్న రేకుల్నే తీసుకున్నాం. పెడాట్‌ని ఫిల్టర్‌తో వడకడతాం గానీ గ్రాఫీన్ ఆక్సైడ్‌ని వడకట్టకూడదు, మనకు కావలసిన రేకులే ఫిల్టర్‌కి పట్టుకుని కూర్చుంటాయి. ఐటీఓ మీద పోసేముందు అతినీల లోహిత ఓజోన్‌లో పావుగంట. పెనం మీద జిడ్డు ఉంటే దోసె జారి ముద్దయినట్టే, ఐటీఓ మీద వేలిముద్రంత మైల ఉన్నా నీటి ద్రావణం పరుచుకోదు.

మూడో బ్యాచ్‌కి ఎనిమిదింట ఏడు వెలిగాయి. అంతకంటే సంతోషం, గీత ఎడమ వైపు అడుగున పడుకుంది.

ఎంత పలుచన

ఇక మందం. ద్రావణం గాఢత, తిప్పే వేగం మార్చి ఒకటి నుంచి పదిహేను నానోమీటర్ల దాకా వేశాం. ఒక నానోమీటర్ దగ్గర ఐటీఓ పూర్తిగా కప్పబడలేదు, రేకుల మధ్య ఖాళీలు. ఎనిమిది దాటాక పరికరం వెలగడానికే నాలుగు వోల్టులు పైన అడిగింది. మూడు, నాలుగు నానోమీటర్ల దగ్గర మాత్రమే కుదిరింది.

కారణం సూటిగానే ఉంది. గ్రాఫీన్ ఆక్సైడ్ కరెంటు నడవనివ్వదు కాబట్టి హోల్స్ దాన్ని టన్నెలింగ్‌తో, అంటే క్వాంటం పద్ధతిలో గోడలోంచి దూరి, దాటాలి. పొర పలుచగా ఉంటే దాటుతాయి, మందమైతే గోడ. అదే సమయంలో అది ఎలక్ట్రాన్లని ఆపుతుంది. దాని శక్తి అంతరం పెద్దది, పై నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ పాలిమర్ దాటి ఐటీఓలోకి జారిపోకుండా గుమ్మం దగ్గర ఆగుతుంది. ఆగిన ఎలక్ట్రాన్‌కి హోల్ దొరికే అవకాశం ఎక్కువ. గ్రాఫీన్ ఆక్సైడ్ సామర్థ్యం పెంచుతుందని చెప్పే పేపర్లలో నాకు బాగా నచ్చే వివరణ ఇదే. అది హోల్స్‌ని గొప్పగా పంపుతుందని కాదు, ఎలక్ట్రాన్లని ఊరికే పోనివ్వదని.

ఈ మధ్యలో ఒక పిల్లదారి తొక్కాం, రెండు వాక్యాల్లో చెప్పేస్తాను. కరెంటు నడవాలంటే ఆక్సిజన్ కొంత తీసేద్దామని పొరని 200 డిగ్రీల దాకా వేడిచేశాం. వాహకత పెరిగింది, కానీ వర్క్ ఫంక్షన్ గ్రాఫీన్ వైపు జారింది, దగ్గర్లో పుట్టిన వెలుగుని పొరే మింగేసింది. క్షయకరించిన గ్రాఫీన్ ఆక్సైడ్ కాంతినిచ్చే అణువుల శక్తిని లాగేసుకోవడంలో మహా గట్టిది. పాలిమర్‌కి ఆనుకుని దాన్ని పెట్టడం దీపం పక్కన నల్లటి తెర కట్టడమే.

బజ్జీల రోజు, ఆ తర్వాత

మూడున్నర నానోమీటర్ల పొరతో తీసిన కొలతే సొరుగులోని గ్రాఫు. గ్రాఫీన్ ఆక్సైడ్‌తో ఆంపియర్‌కి సుమారు 10 క్యాండెలాలు. పెడాట్‌తో ఐదు చిల్లర. పేపర్ ముసాయిదా తిరగేస్తుంటే ఒక సంగతి నాకు గుచ్చుకుంది. సూపర్ ఎల్లోతో పెడాట్ మీద మామూలుగా చేసినా ఎనిమిది, తొమ్మిది వస్తాయి. మా ఐదు ఎందుకు ఐదు? మేం గ్రాఫీన్ ఆక్సైడ్ ఎందుకు బాగుందో రాసుకుంటూ పోతున్నాం గానీ, పెడాట్ ఎందుకు బాగాలేదో ఒక్కరం అడగలేదు.

మళ్లీ లాగ్ స్కేల్ తీశాం. ఈసారి నల్ల గీత చూడ్డానికి. ఎడమ వైపు, వెలుగు రాకముందు, పెడాట్ పరికరంలో కరెంటు ఎర్ర గీత కంటే వంద రెట్లు ఎక్కువ. ఆరు నెలల కింద మా గ్రాఫీన్ ఆక్సైడ్‌కి పట్టిన జబ్బే ఇప్పుడు పెడాట్‌కి. గ్రాఫు ప్రింటు తీసినప్పుడు అందరం కుడి వైపే, వెలుగు వైపే చూశాం.

పెడాట్ వడకట్టే విద్యార్థిని అప్పుడు చెప్పింది: "రెండు నెలల నుంచీ సిరంజి నొక్కుతుంటే బొటనవేలు నొప్పి పుడుతోంది సార్. ఫిల్టర్లు మంచివి రాలేదేమో అనుకున్నా." ఫిల్టర్లు మంచివే. పెడాట్‌ని ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఒకసారి గడ్డకడితే అందులోని కణాలు ముద్దలవుతాయి, కరిగించినా మళ్లీ విడిపోవు. మా ఫ్రిజ్‌లో ఎవరో సీసాల్ని సర్దుతూ దాన్ని వెనక్కి, ఫ్రీజర్ పలకకి ఆనేలా నెట్టారు. ఎవరు నెట్టారని అడిగితే ఎవరూ కాదు. నేనే అయ్యుండొచ్చు.

కొత్త సీసా తెప్పించాం. ఒకే రోజు, ఒకే ఐటీఓ బ్యాచ్, ఒకే పాలిమర్ ద్రావణం, పై లోహాన్ని ఆవిరి చేసి వేసే ఎవాపొరేషన్ కూడా ఒకటే. మూడు ముక్కలు పెడాట్‌తో, మూడు గ్రాఫీన్ ఆక్సైడ్‌తో. పెడాట్‌కి 9 చుట్టూ, గ్రాఫీన్ ఆక్సైడ్‌కి 10 చుట్టూ వచ్చాయి. పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ తేడా అటూ ఇటూ ఒకటి. నిజాయితీగా చెప్పాలంటే సమానం. పైగా వెలగడం మొదలయ్యే వోల్టేజిలో పెడాట్‌దే పైచెయ్యి, 0.2 వోల్టులు తక్కువ. పేపర్ ఫైలు మూసేశాం.

నాకు అప్పుడు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. రెండు రోజులు పోయాక వేరే ఆలోచన మొదలైంది. పదార్థాలను పోల్చే పేపర్లలో మామూలు పరికరం సంఖ్య చదవగానే ఇప్పుడు నేను మొదట చూసేది, ఆ సంఖ్య ఇతరులకు వచ్చేదానికి దగ్గరగా ఉందా లేదా అని. దూరంగా ఉంటే కొత్త పదార్థం ఎంత గెలిచినా నాకు అంత నమ్మకం కుదరదు.

క్లోరిన్ తగిలిస్తే

ఆ 0.2 వోల్టులు ఎక్కడున్నాయో తెలుసు. గ్రాఫీన్ ఆక్సైడ్ 4.9 దగ్గర ఆగిపోతోంది, మెట్టు ఇంకా మిగిలే ఉంది. టొరంటోలో ఒక బృందం 2011లో ఐటీఓ మీద డైక్లోరోబెంజీన్ ఉంచి అతినీల లోహిత ఓజోన్ వెలుగులో పెట్టి, ఉపరితలానికి క్లోరిన్ అంటించి, వర్క్ ఫంక్షన్‌ని 6 ఎలక్ట్రాన్ వోల్టుల పైకి తీసుకెళ్లింది. తర్వాత గ్రాఫీన్ ఆక్సైడ్‌కి కూడా ఇదే ఉపాయం వాడి సౌర ఘటాల్లో పెట్టారు. కార్బన్ కంటే క్లోరిన్‌కి ఎలక్ట్రాన్ల మీద ఆశ ఎక్కువ. కార్బన్-క్లోరిన్ బంధంలో ఎలక్ట్రాన్లు క్లోరిన్ వైపు ఒరుగుతాయి, ఉపరితలం మీద చిన్న చిన్న ద్విధ్రువాలు వరసగా నిలబడతాయి, వాటివల్ల వర్క్ ఫంక్షన్ లేస్తుంది.

పొర వేసిన గాజు ముక్కను డైక్లోరోబెంజీన్‌తో తడిపి, ఫ్యూమ్ హుడ్ లోపల పెట్టిన దీపం కింద నిమిషాల లెక్కన ఉంచాం. ఆ వాసన, ఆ ఆవిరి ఊపిరికి మంచివి కావు, హుడ్ లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. రెండు నిమిషాలకి వర్క్ ఫంక్షన్ కొలిచే కెల్విన్ ప్రోబ్‌లో 5.1 చూపించింది, నాలుగుకి 5.2. ఎనిమిది నిమిషాలు ఉంచితే ఓజోన్ రేకుల్నే తినేసి మళ్లీ చిల్లులు పెట్టింది, గీత ఎడమ వైపు మళ్లీ లేచింది. ఏ మూలకం ఏ బంధంలో ఉందో చెప్పే ఎక్స్‌పీఎస్ పరీక్షకి బయటి కేంద్రానికి పంపితే క్లోరిన్ శిఖరం 200 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనిపించింది. ఉప్పు రూపంలో మిగిలిన క్లోరైడ్ అయితే 198 చుట్టుపక్కల రావాలి. అంటే ఇది కార్బన్‌కి అంటుకున్న క్లోరినే, కడగని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కాదు. బేరియం క్లోరైడ్ అనుభవం తర్వాత ఈ తేడా చూడకుండా ఉండటం మా వల్ల కాలేదు.

నాలుగు నిమిషాల పొరతో వోల్టేజి తేడా పోయింది. సామర్థ్యం 11 దాకా వచ్చింది, ఈసారి తేడా పిక్సెళ్ల చెదురుకంటే కొంచెం బయట ఉంది. మూడు వేర్వేరు వారాల్లో, మూడు వేర్వేరు సీసాల పెడాట్‌తో పోల్చి చూశాకే ఈ వాక్యం రాస్తున్నాను. పాతిక శాతం లోపు లాభం. రెండింతలు కాదు.

ఆమ్లం సంగతికొస్తే, గ్రాఫీన్ ఆక్సైడ్ కూడా ఆమ్లమేనని చాలామంది మర్చిపోతారు. డయాలిసిస్ తర్వాత మా ద్రావణం పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. పెడాట్ కంటే చాలా మెతక, కానీ తటస్థం కాదు. తేమ కూడా తాగుతుంది. ఐటీఓ ఎంత తక్కువ కొరుక్కుపోతోందో చెప్పాలంటే గాజు మూత అతికించిన పరికరాలను నెలల తరబడి వెలిగించి ఉంచాలి. ఆ పరీక్ష ఇప్పుడు నడుస్తోంది, ఆరు పరికరాలు, మూడు మూడు. పెట్టెలో ఉంచి సోమవారం సోమవారం తీసి నల్ల మచ్చలు లెక్కపెడుతున్నాం.

కొత్త పెడాట్ సీసా ఫ్రిజ్ తలుపు అరలో ఉంటోంది, ఫ్రీజర్‌కి దూరంగా. మూత మీద తెరిచిన తేదీ మార్కర్‌తో రాసి ఉంది. దాని కింద ఎవరో ఎర్ర సిరాతో ఇంకో లైను చేర్చారు: "బొటనవేలు నొప్పి పుడితే సార్‌కి చెప్పండి."